పిల్లి చెవి దాకా వచ్చిన షుగర్ మిషన్

కుల్చారంలో షుగర్ మిషన్ ఇప్పుడు వింత వస్తువు కాదు. పెద్దవాళ్లున్న ఇళ్లలో టీవీ పక్కనో, మందుల డబ్బాలోనో ఒకటి కనిపిస్తుంది. పొద్దున్నే పరగడుపున వేలికి చిన్న పోటు, ఒక చుక్క నెత్తురు, కొన్ని సెకన్లలో అంకె. ఆ ఇంట్లోనే కాళ్లకు చుట్టుకుని తిరిగే పిల్లికి కూడా అదే షుగర్ జబ్బు రావచ్చనీ, అదే మిషన్ దానికీ అక్కరకొస్తుందనీ చాలామందికి తెలియదు. ఎలుకల వెంట పొలాల్లో తిరిగే పిల్లికి ఇది అరుదు. బరువెక్కి, ఇల్లు కదలకుండా పడుకునే నడివయసు పిల్లులకు, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన మగవాటికి ఎక్కువ. జబ్బు పడిన పిల్లి గిన్నెడు నీళ్లు తాగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, ఎంత తిన్నా చిక్కిపోతుంది. ముదిరితే నరాలు దెబ్బతిని, వెనక కాళ్ల మడమలు నేలకానించి నడుస్తుంది. వయసు మీద పడిందిలే అని మనం వదిలేస్తాం. అది వయసు కాదు, మందున్న జబ్బు.

ఈ జబ్బు గుట్టు బయటపడిందే జంతువుల వల్ల. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్కకు క్లోమం తీసేశారు, దాని మూత్రంలో చక్కెర పడింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద పనిచేసే ఇన్సులిన్‌ను పట్టుకున్నారు. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇంజెక్షన్ పడింది. మందు దొరికింది గానీ ఎంత ఇవ్వాలన్నది పెద్ద చిక్కుగా మిగిలింది. తక్కువైతే జబ్బు ముదురుతుంది, ఎక్కువైతే చక్కెర పడిపోయి మనిషి అక్కడికక్కడే స్పృహ తప్పుతాడు. కొలత లేకుండా ఇన్సులిన్ ఇవ్వడం కళ్లు మూసుకుని చేసే వైద్యమే. అందుకే నా దృష్టిలో ఇన్సులిన్ కథలో సగం కొలిచే పరికరానిదే, ఆ సగాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం.

తొలి కొలతలన్నీ రంగులు. 1908లో స్టాన్లీ బెనెడిక్ట్ తయారుచేసిన నీలిరంగు ద్రావణం మన ఇంటర్ ల్యాబుల్లో ఇప్పటికీ ఉంది. మూత్రం కలిపి కాస్తే పచ్చన, పసుపు, ఇటుక ఎరుపు, ఇలా చక్కెర ఎంతుంటే రంగు అంత మారుతుంది. నెత్తురులో కొలవడం అంతకన్నా కష్టం. 1920లో హార్వర్డ్‌లో ఒట్టో ఫోలిన్, షియెన్ వూ ఇచ్చిన పద్ధతిలో చివరికి మాలిబ్డినం నీలం తేలుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉందో చూసి చక్కెర లెక్క కడతారు. ఇక్కడ మనవాడొకాయన కనిపిస్తాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, ఆ తర్వాత ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన విభాగంలోనే పనిచేశాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి నెత్తురులో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. అందులోనూ చివర తేలేది ఆ మాలిబ్డినం నీలమే. దశాబ్దాల పాటు ప్రపంచంలోని ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావ్ పేరు వినిపించింది. చుక్కలో దాగిన పదార్థాన్ని రంగుగా బయటికి లాగే ఆ విద్యలో ఒక తెలుగువాడి చెయ్యి ఉందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఇవన్నీ ల్యాబులో, నరం నుంచి సిరంజితో తీసిన నెత్తురుతో చేసేవి. ఇంటిదాకా రావడానికి ఒక బూజు సాయపడింది. ఆస్పర్జిలస్ నైగర్ అనే నల్ల బూజు నుంచి తీసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము తక్కిన చక్కెరలను దాదాపుగా ముట్టదు, గ్లూకోజును మాత్రమే పట్టుకుంటుంది. అమెరికాలో ఎల్క్‌హార్ట్ అనే ఊళ్లో ఏమ్స్ కంపెనీలో హెలెన్ ఫ్రీ, ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ దంపతులు దాన్ని కాగితం ముక్కకు ఎక్కించి, మూత్రంలో ముంచే క్లినిస్టిక్స్‌ను 1956లో తెచ్చారు. 1960ల నడుమ అదే కంపెనీ నుంచి నెత్తురు కోసం డెక్స్‌ట్రోస్టిక్స్ వచ్చింది. పెద్ద చుక్క వేసి, నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, రంగును అట్టమీది రంగులతో పోల్చాలి. ఒకరి కంటికి నీలంగా కనిపించింది ఇంకొకరికి ఊదాగా కనిపించేది. ఆ తగవు తీర్చడానికే అక్కడి ఇంజనీరు అంటన్ క్లెమెన్స్ స్ట్రిప్ మీద కాంతి పడేసి తిరిగొచ్చే వెలుగును ముల్లుతో చూపించే మీటరు చేశాడు. 1970లో అమ్మకానికొచ్చిన ఆ పెట్టె బరువు కిలోకు పైనే, ధర వందల డాలర్లు. పైగా డాక్టర్లకు తప్ప అమ్మేవాళ్లు కాదు.

రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే ఇంజనీరుకు పన్నెండో ఏట నుంచీ షుగర్. డాక్టరైన భార్య పేరుమీద ఆ మీటరు తెప్పించుకుని రోజుకు ఐదారుసార్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. తన చక్కెర ఒకే రోజులో ఎంత ఎత్తుకు లేస్తోందో, ఎంత లోతుకు పడుతోందో మొదటిసారి కళ్లారా చూశాడు. ఇన్సులిన్ మోతాదును చిన్నచిన్న భాగాలు చేసి, తిండి మార్చి, ఆ ఊగిసలాటను అణిచాడు. రోగి మాట వినేవాళ్లు లేకపోవడంతో నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యాడు. ఇంట్లో కూర్చుని తన చక్కెర తాను చూసుకోవడమన్నది అలా మొదలైంది.

తర్వాతి మలుపు కరెంటు. 1962లో లీలాండ్ క్లార్క్ ఎంజైమును ఎలక్ట్రోడుతో జతచేశాడు. బ్రిటన్‌లో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుల పని మీద 1987లో ఎక్సాక్‌టెక్ అనే పెన్నంత మీటరు వచ్చింది. రంగు పోయింది, కడగడం పోయింది. ఎంజైము గ్లూకోజు నుంచి లాగిన ఎలక్ట్రాన్లనే స్ట్రిప్ మీది ఎలక్ట్రోడులు లెక్కపెడతాయి. చుక్క చిన్నదవుతూ వచ్చి ఇప్పుడు మైక్రోలీటరులోపే సరిపోతోంది. మన దగ్గర 2013లో భారత వైద్య పరిశోధన మండలి అండతో బిట్స్ హైదరాబాద్, ఐఐటీ బొంబాయి తక్కువ ధరకు దొరికే మీటర్లు, స్ట్రిప్పులు తయారుచేశాయి. చుక్క చిన్నదైనందువల్లే మిషన్ పిల్లి దగ్గరికి రాగలిగింది. పిల్లి చెవి నుంచి వచ్చేది ఆవగింజంత నెత్తురే.

అంకె మనిషికి చెప్పినట్టే పిల్లికీ చెప్తుందా అంటే చెప్పదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు ఈ కుల్చారమే. శ్లోకం ఎదురుగా ఉన్నా ఏ పదాన్ని ఏ పదంతో కలిపి చదవాలో ఆయన చెప్తేగాని అర్థం విడదు. పిల్లి నెత్తురులో తేలిన అంకెకూ అలాంటి వ్యాఖ్య కావాలి. మనిషి నెత్తురులో గ్లూకోజు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్రకణాల్లో ఉంటుంది. పిల్లిలో 93 శాతం ప్లాస్మాలోనే, కణాల్లో 7 శాతమే. మనుషుల లెక్కతో తయారైన మీటరు అందుకే పిల్లి చక్కెరను ఉన్నదానికంటే సాధారణంగా తక్కువగా చూపిస్తుంది. ఈ తేడాను సరిచేసి కుక్కలకూ పిల్లులకూ వేర్వేరు కోడ్‌లతో వచ్చినదే ఆల్ఫాట్రాక్ అనే మీటరు. అది లేనిచోట మనిషి మీటరుతోనే నెట్టుకురావచ్చు. అయితే ఎప్పుడూ ఒకే మీటరు వాడాలి, ఏది వాడుతున్నామో పశువుల డాక్టరుకు చెప్పాలి.

రెండో చిక్కు భయం. ఆటోలో సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే జబ్బేమీ లేని పిల్లికి కూడా చక్కెర 300 దాటగలదు. అందుకే డాక్టర్లు రెండు మూడు వారాల సగటును చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష అడుగుతారు. మూత్రం స్ట్రిప్‌తో సరిపెట్టుకుందామంటే, పిల్లి నెత్తురులో చక్కెర దాదాపు 250 దాటేదాకా మూత్రంలోకి రాదు. ఇక పడిపోవడం గురించి అది చెప్పేదేమీ లేదు. ఇంట్లో, తనకు అలవాటైన మూలలో కూర్చున్న పిల్లి నుంచి తీసిన చుక్కే నిజం చెప్తుంది.

తీయడం చూసినంత కష్టం కాదు. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డను చెవికి కాసేపు ఆనిస్తే అంచువెంట సన్నని నరం ఉబ్బుతుంది. చెవి లోపలివైపు దూది ముద్ద ఆనించి, బయటివైపు అంచు దగ్గర లాన్సెట్‌తో గుచ్చాలి. ముందే వాజలైన్ పలచగా రాస్తే నెత్తురు బొచ్చులోకి పాకకుండా గుండ్రంగా నిలుస్తుంది. స్ట్రిప్ అంచు తాకిస్తే చుక్కను అదే పీల్చుకుంటుంది. తర్వాత చెవిని అర నిమిషం నొక్కిపట్టి, వెంటనే ఇంత చికెన్ ముక్క పెడితే నాలుగైదు రోజుల్లో చాలా పిల్లులు తామే వచ్చి కూర్చుంటాయి.

ఒక్క రీడింగుతో మోతాదు మార్చకూడదు. పన్నెండు గంటలకోసారి ఇచ్చే ఇన్సులిన్ పనిచేసే తీరు తెలియాలంటే రెండేసి గంటలకు ఒకసారి రోజంతా చూసి గీత గీయాలి. ఆ గీతలో అన్నిటికన్నా దిగువ బిందువు 80కీ 150కీ మధ్య ఉండాలన్నది డాక్టర్లు ఎక్కువగా పెట్టుకునే గురి. 80 కన్నా దిగితే మోతాదు తగ్గిస్తారు. చక్కెర మరీ పడిపోతే శరీరం ఎదురు తిరిగి పైకి తోస్తుందని సెయింట్ లూయిస్‌లో మైకేల్ సొమోజీ చెప్పాడు. పిల్లుల విషయంలో ఎత్తుగా కనిపించిన ప్రతి రీడింగుకూ చాలాకాలం ఇదే కారణం చెప్పారు. ఇళ్లలో వేలకొద్దీ తీసిన రీడింగులను పరిశీలించాక అది అనుకున్నంత తరచుగా జరగదని తేలింది. పుస్తకాల్లో పాతుకుపోయిన మాటను పిల్లుల్ని పెంచుకునేవాళ్ల నోటుబుక్కులు సరిదిద్దాయి.

మన దగ్గర ప్రాణం తీసే పొరపాటు సిరంజిలో ఉంది. ఇక్కడి మెడికల్ షాపుల్లో దొరికే మామూలు ఇన్సులిన్ వయల్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, దాని సిరంజికి ఎర్ర మూత. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్‌లో 100 యూనిట్లు, దాని సిరంజికి నారింజ మూత. గ్లార్జిన్‌ను ఎర్ర మూత సిరంజిలోకి ఎక్కిస్తే గీతల ప్రకారం ఒక యూనిట్ అనుకున్నది రెండున్నర యూనిట్లు అవుతుంది. ఒకటి రెండు యూనిట్లతో మొదలయ్యే ప్రాణికి అది చిన్న తేడా కాదు. మోతాదు ఎక్కువై పిల్లి తూలుతూ నడిచినా, వణికినా, మూర్ఛ వచ్చినా చిగుళ్లకు తేనె గానీ గ్లూకోజు గానీ రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

పిల్లికి మనిషి కంటే ఒక అదృష్టం ఎక్కువ. అది పుట్టుకతోనే మాంసాహారి. అయినా మన ఇళ్లలో పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచుతాం. తిండిలో పిండిపదార్థం బాగా తగ్గించి, జబ్బు తెలిసిన ఆరు నెలల్లోపే ఇంట్లో కొలతలతో గట్టిగా ఇన్సులిన్ ఇచ్చిన పిల్లుల్లో 84 శాతానికి ఇన్సులిన్ అక్కర్లేకుండా పోయిందని 2009లో రూంప్, రాండ్ ప్రచురించిన పరిశీలన చెప్పింది. ఆలస్యంగా మొదలుపెట్టినవాటిలో అది 35 శాతమే. అన్నం మానిపించిన వారంలోనే ఇన్సులిన్ అవసరం తగ్గిపోవచ్చు కాబట్టి, తిండి మార్చే రోజుల్లో రీడింగులు ఇంకా ఎక్కువ తీయాలి, మార్చేముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్ ఆగిపోయాక కూడా మిషన్‌ను అటక మీద పెట్టొద్దు. కొన్నిటికి జబ్బు తిరగబెడుతుంది. వారానికోసారి చెవి అంచున ఒక చుక్క తీసి చూస్తుంటే, అంకె మళ్లీ 200 వైపు పాకడం నీళ్ల గిన్నె ఖాళీ అవడానికంటే ముందే కనిపిస్తుంది.