కాలిబంతి శిక్షకుని కొలువు



కౌలు ఒక్క యేటికి మాత్రమే వ్రాసికొన్న రైతు చేనికి పచ్చిరొట్ట వేయడు, చెఱువుమట్టి తోలడు. ఆ పనుల ఫలము రెండవ యేటనో మూడవ యేటనో గాని కానరాదు. అప్పటికి ఆ చేను ఎవరి చేతిలో నుండునో అతడెఱుగడు. కావున సులభముగా దొరకు నెరువు చల్లి ఈ యేటి పంటను ఇల్లు చేర్చుకొనును. అతడు దుర్మార్గుడు కాడు. ఒడంబడిక అతనిచే నట్లు చేయించుచున్నది. వట్లూరు మొదలు తాడేపల్లిగూడెము వఱకు ఈ సంగతి నెఱుగని పెద్దలు లేరు. కాలిబంతి యాటలో జట్టునకు శిక్షకుడై యుండు నుద్యోగి స్థితియు నిట్టిదే. ఇంగ్లండులో ఇతనిని మేనేజరందురు.

ఎవరిని ఆడింపవలయును, ఎవరిని క్రొత్తగా చేర్చుకొనవలయును, ఏ పద్ధతిని ఆడవలయును అను నిర్ణయములు ఇతనివి. ఫలితము మాత్రము ప్రతి వారమును పట్టికలో నెక్కి లోకమునకు కానవచ్చును. ఇంగ్లండు దేశపు ప్రథమశ్రేణిలో 20 జట్లుండగా, ఏటేట చివరి 3 జట్లు దిగువ శ్రేణికి దిగిపోవలయును. దిగిన జట్టునకు టెలివిజను వారి వలన వచ్చు ధనములో పెద్ద భాగము పోవును. కావున నాలుగాటలు వరుసగా నోడినంతనే యజమానికి గుండె జారును. ఆటగాండ్రనందఱను ఒక్కమాఱుగా తొలగింప వీలులేదు. వారు ధనము పోసి కొనితెచ్చుకొన్నవారు. తొలగింప వీలగువాడు శిక్షకుడొక్కడే.

మాంచెస్టరు యునైటెడు అను ప్రసిద్ధమైన క్లబ్బు 2013లో డేవిడ్ మోయెస్ అను వానితో ఆఱేండ్లకు ఒడంబడిక చేసికొని, పది నెలలు గడచిన పిమ్మట, 2014 ఏప్రిలులో, అతనిని పంపివైచెను. అతనికి ముందున్న అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో పనిలో చేరి, తొలి కప్పును 1990లో గాని తేలేదు. లీగు విజయము 1993లో గాని రాలేదు. 2013లో విరమించునాటికి అతడు 13 లీగులు గెలిపించి యుండెను. తొలి మూడేండ్లలోనే అతనిని పంపివైచి యుండినచో ఆ పదుమూడును ఏమైయుండెడివో!

రేపటి కొలువు నిశ్చయము లేని శిక్షకుడు పదునెనిమిదేండ్ల బాలుని బరిలో దింపడు. బాలుడు తప్పులు చేసి నేర్చుకొనవలయును, ఆ తప్పులకు మూల్యము శిక్షకుడు చెల్లింపవలయును. కావున ముప్పది రెండేండ్ల అనుభవజ్ఞునే కొనిపెట్టుమని కోరును. గెలువకున్నను ఓడకుండినజాలునని ఆడించును. చేపపిల్లను చెఱువులో వదలి మూడవ నెలలోనే వల వేయుమన్నచో మన కొల్లేటివారు నవ్వుదురు గదా.

మఱి శిక్షకుని మార్చినంతనే జట్టు బాగుపడినట్లు కానవచ్చునే యని మీరడుగవచ్చును. ఏడవనాడు తనంతట తగ్గు జ్వరమునకు ఆఱవనాడు వైద్యుని మార్చినచో కీర్తి ఎవరికి దక్కును? నెదర్లాండ్సు దేశమున 1986 మొదలు 2004 వఱకు జరిగిన ఆటలను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞుడొకడు, శిక్షకుని మార్చిన జట్లును, అట్టి దుర్దశలోనే యుండియు మార్పని జట్లును ఇంచుమించు సమానముగనే కోలుకొన్నవని తేల్చెను.

మన దేశమున దీనికి చక్కని నిదర్శనము హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన వృత్తిచేత బడిపంతులు. (అందుచేత నాకాయనయందు కొంత పక్షపాతము గలదేమో, క్షమింపుడు.) ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు మాఱులు రోవర్సు కప్పును గెలిచెను. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలయునను నియమముతో ఆయన పిల్లలకు పోటీలు పెట్టెడివాడు. అట్టి సాధన ఈ ఆదివారపు ఆటను గెలిపింపదు. ఐదేండ్ల పిమ్మట దేశమునకు రెండు కాళ్లతోను ఆడగల వారినిచ్చును.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన జట్టు స్వర్ణపతకము పొందెను. మఱుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడెను. మనవారిలో పలువురు వట్టికాళ్లతోనే ఆడిరి. నేటి క్లబ్బులలో ఇట్టి ఓటమి పిదప ఎవ్వని కొలువును నిలువదు. నడుమ వేఱొకరికి భారమప్పగించినను, 1956లో మెల్బోర్నునకు మరల రహీమునే పంపిరి. అచ్చట మనవారు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచి నాలుగవ స్థానమును పొందిరి. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోలులు చేసెను. 1960లో రోములో ఫ్రాన్సుతో సమముగా నిలిచినను మొదటి విడతలోనే వెనుదిరిగిరి. ఆయననే నిలిపిరి. 1962లో జకార్తాలో తొలి ఆటయందే దక్షిణ కొరియా చేతిలో 2-0గా నోడిరి. సెప్టెంబరు 4వ తేదీన అంతిమ పోటీలో ఆ కొరియానే 2-1గా గెలిచి స్వర్ణపతకము తెచ్చిరి. అప్పటికే కాన్సరు వ్యాధితో పీడితుడై యుండిన రహీము 1963 జూనులో స్వర్గస్థుడయ్యెను. ఆసియా క్రీడలలో కాలిబంతికి మనకు మఱల స్వర్ణము రాలేదు.

ఇటీవలి మాట. 2019లో వెలసిన హైదరాబాదు క్లబ్బు తొలి యేటనే శిక్షకుని నడుమ తొలగించి, పది జట్లలో కడపటిదయ్యెను. 2020లో వచ్చిన స్పెయిను దేశీయుడు మనోలో మార్క్వెజ్‌నకు మూడు ఋతువులు ఆడించు నవకాశము లభించెను. అతడు దేశీయ యువకులను ధైర్యముగా దింపి, తొలి యేట ఐదవ స్థానమును, 2022 మార్చిలో విజేత పదవిని సాధించెను. ధనపు చిక్కులచే ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోవుట వేఱు కథ.

యజమానుల పక్షమునను న్యాయము లేకపోలేదు. జాతీయ జట్టునకు 2019 మొదలు ఐదేండ్లు శిక్షకుడై యుండిన ఇగోర్ స్టిమాచ్‌ను, ప్రపంచ కప్పు అర్హత పోటీలలో విఫలుడైనందున, 2024 జూనులో తొలగించిరి; ఐదేండ్లు చాలవనుట కష్టము. అతని స్థానమునకు హైదరాబాదును గెలిపించిన మార్క్వెజ్‌నే తెచ్చిరి. 2025 జూలైలో పరస్పర సమ్మతితో అతడును విడిచిపోయెను. అంతలో జరిగిన ఆటలు 8, గెలిచినది 1.