మీకు తెలుసా? ఆ మబ్బు బొమ్మ కాదు, లెక్క

వెబ్ పేజీలో కదిలే మబ్బులు, మంటలు చాలాసార్లు బొమ్మలు కావు, లెక్కలు. 1982లో వచ్చిన ‘ట్రాన్’ సినిమాకు పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటర్ బొమ్మల్లోని యాంత్రికమైన నునుపు నచ్చక ‘పెర్లిన్ నాయిజ్’ అనే లెక్కను కనిపెట్టారు. 1997లో దానికి ఆస్కార్ సాంకేతిక పురస్కారం దక్కింది. ఉత్త ర్యాండమ్ అంకెలతో తెర నింపితే సిగ్నల్ లేని టీవీలా చుక్కలే మిగులుతాయి. పెర్లిన్ నాయిజ్‌లో పక్కపక్క బిందువుల విలువలు దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి మబ్బు మబ్బులా సాగుతుంది. వీడియో పెడితే పోలేదా అంటారు. వేలు తాకితే వీడియో మబ్బు పక్కకు తప్పుకోదు. ప్రతి పిక్సెల్ రంగునూ లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ అయిన షేడర్‌కైతే వేలున్న చోటు లెక్కలో మరో అంకె, అంతే. బ్యాటరీ మాటేమిటన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే: 1920×1080 తెరపై సెకనుకు 60 సార్లంటే 12 కోట్లకు పైగా పిక్సెళ్లు. అయితే మబ్బుకు పదునైన అంచులుండవు. సగం వెడల్పు, సగం ఎత్తులో గీసి సాగదీస్తే పని నాలుగో వంతుకు దిగుతుంది, కంటికి తేడా పెద్దగా తెలియదు.