రెండు కట్టలు ఎక్కువైతే

తప్పు నాది కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

మా బావమరిది హోసూరు దగ్గర గులాబీలు పండిస్తాడు. 2022లో అప్పు చేసి చిన్న పికప్ బండి కొన్నాడు. (అప్పు మా శాఖలో కాదు. చుట్టాల కాగితాల మీద నేను సంతకం పెట్టను.) పూలు లేని రోజుల్లో బంగాళాదుంపలు, ఎరువుల మూటలు కిరాయికి తోలేవాడు. బరువుకు వెనకభాగం కుంగిపోతోందనీ, రెండు కమాన్ కట్టలు అదనంగా వేయించనా అనీ నన్నడిగాడు. "వేయించు. అది ఖర్చు కాదు, పెట్టుబడి" అన్నాను. బి.కాం. చదివినవాడి నోట ఇంకేం వస్తుంది!

కట్టలు వేశాక బండి వెనక్కాళ్ళెత్తిన కోడెలా ఠీవిగా నిలబడింది. దుంపల మూటలకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా పూలతో వచ్చింది. ఫిబ్రవరి 14కు ముందు వచ్చే ఆ పదిరోజులే గులాబీ రైతుకు పంట డబ్బు. సరిగ్గా అప్పుడే, రేకుల అంచులు నలిగి నల్లబడ్డాయని బెంగుళూరు వ్యాపారి ధర తగ్గించాడు. అది చాలదన్నట్టు, కంటి పరీక్షకని అదే బండిలో బెంగుళూరు వెళ్ళొచ్చిన మా అత్తగారు నడుం నొప్పితో నాలుగురోజులు మంచం దిగలేదు.

"అల్లుడుగారూ, దీనికంటే మా నాయన ఎద్దులబండే నయం" అన్నారు. ఆ పెట్టుబడి సలహా ఎవరిదో ఆవిడకు తెలియదు. నేనూ చెప్పలేదు.

మరుసటి ఆదివారం నేనే బండెక్కాను. ఖాళీ బండి ప్రతి గతుకుకూ ఎగిరి పడుతోంది. స్పీడ్ బ్రేకర్ దాటితే పళ్ళు టకటకలాడాయి. మా వీధిలో బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఆయన బండి కిందికి తొంగి చూసి, "ఇందులో రోజూ ఎంత బరువు వేస్తారు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. వారంలో ఐదురోజులు పూలపెట్టెలే. అన్నీ కలిపినా 200 కిలోలు దాటవు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కమాన్ కట్టలంటే వెనక ఇరుసుకు బిగించిన, విల్లులా వంగిన ఉక్కు పట్టీలు. అవి వంగితేనే కుదుపు వాటిలో ఇంకుతుంది. ఒకే మందం ఉన్న ఐదు కట్టలకు మరో రెండు చేరిస్తే బిగువు సుమారు 40 శాతం పెరుగుతుంది. కట్ట మందమే 10 శాతం పెరిగితే బిగువు 33 శాతం పెరుగుతుంది. టన్ను బరువు మీద పడితే అవీ వంగుతాయి. 200 కిలోలకు వంగవు. వంగనప్పుడు గతుకు నేరుగా పూలకూ, అత్తగారి నడుముకూ చేరుతుంది. వ్యాపారం సాగని నెలలో కూడా కొట్టు అద్దె కట్టాల్సిందే కదా, అలాగన్నమాట!

పైగా మావాడు టైర్లలో ఎప్పుడూ నిండు బరువుకు చెప్పిన గాలే కొట్టించేవాడు. షాక్ అబ్జార్బర్లేమో పాత కట్టల బిగువుకు తగ్గవి. బిగుసుకున్న కట్టలు వెనక్కి తన్నే జోరును అవి ఆపలేకపోయాయి.

ఇంకొకటి నాకే తెలిసి ఉండాల్సింది. కట్టలు ఎన్ని వేసినా ఆర్.సి. పుస్తకంలో రాసిన బరువు కిలో కూడా పెరగదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000.

ఆ రెండు కట్టలూ తీయించాం. వాటి బదులు ప్రధాన కట్టల పైన హెల్పర్ కట్టలు వేయించాం. బండి కొంత కుంగాకే అవి తగులుకుని బరువు పంచుకుంటాయి, అంతవరకూ ఊరికే ఉంటాయి. షాక్ అబ్జార్బర్లు మార్పించాం. ఖాళీ బండికి ఎంత గాలి ఉండాలో పుస్తకంలో చూసి, డాష్‌బోర్డు మీద చీటీ అతికించాను. ఈసారి బిల్లు నేనే కట్టాను. మా ఆవిడ కారణం అడగలేదు.

ఇప్పుడు పూలు నలగకుండా చేరుతున్నాయి. అత్తగారు మాత్రం కంటి పరీక్షకు బస్సులోనే వెళ్ళొస్తున్నారు.