పీడీ సారు సరే, టెన్నిస్ కోచ్ ఏడీ?

మన డిగ్రీ కాలేజీల్లో ఆటలంటే పీడీ సారే, అంటే ఫిజికల్ డైరెక్టరే. కబడ్డీ కోర్టుకు సున్నంతో గీతలు గీయించేదీ ఆయనే, వాలీబాల్ జట్టును పోటీలకు వెంటబెట్టుకెళ్లేదీ ఆయనే, నెట్లకూ బంతులకూ లెక్క రాసేదీ ఆయనే. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక టెన్నిస్ ఆటగాడు పోటీలు మానేశాక కాలేజీలో కోచ్‌గా చేరదామనుకుంటే, ఆ పేరుతో కుర్చీ ఉండదు. ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం వ్యాయామ విద్యలో 55 శాతం మార్కులతో పీజీ, ఆపైన నెట్ లాంటి అర్హతో పీహెచ్‌డీయో కావాలి. ఏషియాడ్ పతకం తెచ్చినవాళ్లకు సడలింపు ఉంది గానీ, వాళ్లకూ పీజీ ఉండాల్సిందే. ఆ నిబంధనను తప్పుపట్టలేం. అది అన్ని ఆటలనూ నడిపించే అధికారి కోసం రాసింది. ఒకే ఆటను లోతుగా నేర్పే మనిషి ఊసు అందులో లేదు. మనకు కరువు ఆటగాళ్లకు కాదు, ఆట మానేశాక వాళ్ల అనుభవం అక్కరకొచ్చే చోటుకే అంటాను.

అలాంటి చోటు ఎలా ఉంటుందో అమెరికా కాలేజీల్లో చూడొచ్చు. మన టెన్నిస్ ఆటగాళ్లూ అక్కడ ఆడి వచ్చారు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అక్కడి అలబామా యూనివర్సిటీకి ఆడాడు, 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడింది. అక్కడి కాలేజీ మ్యాచ్ చూస్తే కోచ్ పనేమిటో తెలుస్తుంది. ముందు మూడు డబుల్స్ ఆటలు. అందులో రెండు గెలిచిన జట్టుకు దక్కేది ఒక్క పాయింటే. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింటు. మొత్తం ఏడింట్లో నాలుగు వస్తే గెలిచినట్టు. ఆరు కోర్టుల్లో ఆట సాగుతుంటే కోచ్ ఒకచోట కూర్చోడు. మూడో కోర్టులో బ్యాక్‌హ్యాండ్ ఎందుకు తడబడుతోందో కనిపెట్టి, వైపులు మారే విరామంలో ఒక్క మాట చెప్పి, ఐదో కోర్టుకు పరిగెడతాడు. ఆ ఒక్క మాట ఏదన్నది ఆ ఒత్తిడిలో ఆడి వచ్చినవాడికే తడుతుంది. అందుకే అక్కడ ఆట ముగించినవాళ్లు అసిస్టెంట్ కోచ్‌గా మొదలుపెట్టి మెల్లగా హెడ్ కోచ్ దాకా ఎదుగుతారు.

అమెరికా డబ్బు మనకెక్కడిది అనవచ్చు. నిజమే. పెద్ద యూనివర్సిటీల్లో కూడా టెన్నిస్ లాభం తెచ్చే ఆట కాదు, వాళ్ల ఫుట్‌బాల్ రాబడి మీద బతికేదే. కానీ మనం తెచ్చుకోవాల్సింది ఆ బడ్జెట్ కాదు, ఆ మెట్ల వరుస. బాగా ఆడేవాడు బాగా నేర్పుతాడన్న హామీ ఏమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. హామీ లేదు. అందుకే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కోచ్‌లకు అంచెలంచెలుగా కోర్సులు పెట్టింది, మన దేశంలోనూ అవి జరుగుతున్నాయి. ఆటగాడికి ఆ శిక్షణ కలపడం సులువు. ఎన్నడూ పోటీలో ఆడనివాడికి అనుభవం కలపడమే కుదరని పని.

మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే మంత్రాలయం పల్లెలకు ఈ దొరల ఆట దేనికని ఎవరైనా అడిగితే, పక్కనున్న అనంతపురం చూపించాలి. అదీ కరువు సీమే. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ)తో కలిసి పేద పిల్లలకు టెన్నిస్ బడి తెరిచింది. రాకెట్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. కోర్టు ఖర్చు కూడా జనం అనుకునేంత లేదు. చిన్నపిల్లలకు వాడే మెత్తటి ఎర్ర బంతి ఆటకు 36 అడుగుల పొడవు చాలు, బ్యాడ్మింటన్ కోర్టు పొడవే 44 అడుగులు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం కాలేజీలు కలిసి ఒక్క కోచ్‌ను పెట్టుకుని, వారంలో రెండేసి సాయంత్రాలు పంచుకోవచ్చు. పొద్దున పూట అదే మనిషి దగ్గర్లోని బడిపిల్లలకు ఎర్ర బంతి పట్టిస్తాడు. జీతం ఏ పద్దులో రాయాలంటారా? అడ్మిషన్ రోజున ఆటల ఫీజు కట్టించుకునే అలవాటు మన కాలేజీలకు కొత్తేమీ కాదు.