పాత కారు స్టీరింగ్‌లో ప్లే ఉందా? ర్యాక్ మార్చే ముందు ఇది చూడండి

ఈరోజు మా నాన్నగారి మారుతి 800 స్టీరింగ్ సంగతి. ఇరవై ఏళ్లు దాటిన బండి, అరుగుదల మామూలే. ఈమధ్య స్టీరింగ్ కొంత తిప్పినా చక్రాలకు తెలియట్లేదు. గతుకుల్లో పెడల్స్ దగ్గర టక్ టక్‌మని చప్పుడు. ఒక షెడ్‌లో చూపిస్తే, కిందికి వంగి చూడకుండానే “ర్యాక్ పోయింది బాబూ, మొత్తం మార్చాలి” అన్నాడు.

కోడ్ రాసే రోజుల నుంచి నాకో అలవాటు. ఎర్రర్ కనబడిన చోటే తప్పుందని అనుకోను. ఇన్‌పుట్ ఎక్కడిదాకా సరిగ్గా వెళ్తోందో చూస్తా. ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి దారి సులువు. వీల్, కాలమ్‌లోని షాఫ్ట్, పెడల్స్ దగ్గర జాయింట్, ర్యాక్, టై రాడ్లు, చక్రాలు. అంతే.

బండిని చదునైన చోట పెట్టి, చక్రాలు తిన్నగా ఉంచి, తాళంతో స్టీరింగ్ లాక్ తీశాం. వీల్ అంచుకి టేపు ముక్క అంటించి, చక్రం కదిలేలోపు అది ఎంత జరుగుతోందో కొలిచాం. ఈ సైజు కార్లలో 30 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. మాది 50 దాటింది. వీల్‌ని పైకీ కిందికీ కూడా ఊపి చూడండి. అలా కదిలితే కాలమ్ బుష్ అరిగిందనో, డాష్ కింద బ్రాకెట్ బోల్టులు వదులయ్యాయనో అర్థం. మాది కదల్లేదు.

ఇక అసలు పని. తమ్ముణ్ని “కొంచెం కొంచెంగా ఊపరా” అని, నేను పెడల్స్ పక్కన తల దూర్చి జాయింట్ మీద వేళ్లు పెట్టా. జాయింట్ పై సగం కదిలి కింది సగం ఆలస్యంగా కదిలితే మధ్యలో క్రాస్ అరిగినట్టు. మా దాంట్లో రెండూ కలిసే కదిలాయి. కానీ జాయింట్ నుంచి కిందికి ర్యాక్‌లోకి వెళ్లే షాఫ్ట్ ఆలస్యంగా కదిలింది. జాయింట్‌ని షాఫ్ట్‌కి బిగించే బోల్టు వదులైంది! అది ఊడి జాయింట్ జారితే వీల్ తిరుగుతుంది, బండి మాత్రం తిరగదు. దీంతో నాన్న రోజూ హైవే ఎక్కుతున్నారు.

ఇంకో తమాషా ఉంది. ర్యాక్ మార్చాలన్నా ముందు ఈ బోల్టే విప్పాలి, చివర్లో దీన్నే బిగించాలి. చప్పుడు కొన్నాళ్లు ఆగేది, మనం ర్యాకే పోయిందని నమ్మేవాళ్లం.

ఊరికే బిగించి వదిలెయ్యలేదు. విప్పే ముందు జాయింట్ మీదా షాఫ్ట్ మీదా తెల్ల పెయింట్‌తో గీత పెట్టా. తీసి చూస్తే జాయింట్ లోపలి పళ్లు అరిగున్నాయి, షాఫ్ట్‌వి బాగున్నాయి. అందుకని కొత్త జాయింట్, కొత్త బోల్టు. బోల్టు షాఫ్ట్ మీది గాడిలోంచి వెళ్లాలి. వెళ్లకపోతే సుత్తితో కొట్టకండి, జాయింట్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించాలి. వెల్డింగ్ మాత్రం ఎవరు చేస్తానన్నా వద్దనండి. మీ బండికి ఎయిర్‌బ్యాగ్ ఉంటే కాలమ్ విప్పే పని ఇంట్లో పెట్టుకోవద్దు.

ఇప్పుడు ప్లే 20 మిల్లీమీటర్లకి వచ్చింది. కాలనీలో నెమ్మదిగా రెండు రౌండ్లు తిప్పి, బోల్టు మళ్లీ చూసి, అప్పుడు నాన్నకి తాళం ఇచ్చా.