అండమాన్ దీవులలో ఏజెంటు ద్వారా ఇల్లు కొనువారికి

శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) పరిసరాల నుండి ఇంటి రుణానికై మా వద్దకు వచ్చే తెలుగువారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వచ్చి స్థిరపడిన మత్స్యకారులు, చిన్న వ్యాపారులు ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో పలువురు ఏజెంటు మాట మీద బయానా చెల్లించి, పిదప బ్యాంకుకు వస్తున్నారు. జరగవలసిన క్రమం దీనికి తలక్రిందులు.

"కాగితాలు ఉన్నాయి కదండీ, రుణం ఎందుకు రాదు?" అన్నది తరచు ఎదురయ్యే ప్రశ్న. మన కోస్తా జిల్లాల పట్టా భూమి వంటిది కాదు ఇక్కడి భూమి. 1966 నాటి భూమి రెవిన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం దీవులలోని భూమి కేంద్ర ప్రభుత్వానిది. వ్యక్తులు దానిని ఆక్యుపెన్సీ టెనెంటుగానో, లైసెన్సుదారుగానో, గ్రాంటుదారుగానో అనుభవిస్తారు. అమ్మేవారు మీకు ఇవ్వగలిగినది తమకున్న ఆ హక్కును మాత్రమే. అది ఏ తరగతి హక్కు, బదిలీకి ఎవరి అనుమతి కావలెను, స్థలం ఇంటి నివేశనమా లేక వరి భూమియా, కొండ భూమియా అన్న సంగతులు తహశీల్దారు కార్యాలయంలో తెలుస్తాయి. హక్కుల రికార్డు నకలును ఇక్కడివారు ఫారం-ఎఫ్ అంటారు. సాగు భూమిలో కట్టిన ఇంటికి భూ వినియోగ మార్పు ఉత్తర్వు కూడ చూడవలెను.

కొంతకాలం క్రితం ఒక పడవ యజమాని రెండు గదుల ఇంటికి సొమ్మంతా వాయిదాలుగా చెల్లించి, పైకప్పు మార్చుటకు రుణం కోరినాడు. ఆయన చేతిలో ఉన్నవి నోటరీ చేసిన స్టాంపు కాగితం, ఒక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. రికార్డులో చూడగా స్థలం ప్రభుత్వ భూమి ఆక్రమణ. "నేను ఇల్లు చూపించాను, కాగితాలు చూసుకోవలసింది మీరే" అని ఏజెంటు తప్పుకున్నాడు. దరఖాస్తు తిరిగి ఇచ్చిన రోజున ఆయన భార్య, "పాత ఇంజను అమ్మి కట్టాము బాబూ" అన్నది. నా వద్ద సమాధానం లేదు. పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిపే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసినది. అమ్మకపు ఒప్పందం కూడ హక్కు కాదు. రిజిస్టరు అయిన దస్తావేజు కావలెను.

ఏజెంటుకు లైసెన్సు ఉండవలెనా? 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం క్రింద నమోదైన ప్రాజెక్టులోని ప్లాటు, ఫ్లాటు అమ్మించే ఏజెంటు తప్పక నమోదు కావలెను. అండమానుకు కూడ తమిళనాడు రియల్ ఎస్టేట్ నియంత్రణ ప్రాధికారసంస్థయే అధికారి. అటువంటి ప్రాజెక్టులలో రిజిస్టరు ఒప్పందం లేకుండ నిర్మాణదారు ధరలో 10 శాతం మించి తీసుకొనరాదు. అయితే మనవారు కొనేవి చాలావరకు చేతులు మారే పాత ఇండ్లు. వాటికి ఈ రక్షణ వర్తించదు. కనుక ఏజెంటు ఎవరి తరఫున మాట్లాడుచున్నాడో, కమీషను ఎంతో, ఎవరు ఇస్తారో ముందే వ్రాయించుకొనుట మేలు. ఈ పత్రిక చదివే ఏజెంటు మిత్రులకు ఒక మాట: ధర చెప్పకముందే రికార్డు నకలు చేతికిచ్చేవారి బేరాలు మా వద్ద త్వరగా తెములుతున్నవి.

నికోబారు ద్వీపాలలో స్థలం ఇప్పిస్తామనే వారితో మాటే అనవసరం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ రిజర్వు ప్రాంతాలలో బయటివారికి భూమి దక్కనీయదు. సముద్రపు ఒడ్డు ఇండ్ల విషయంలో తీరప్రాంత నిబంధనలు, నేల ఎత్తు రెండూ చూడవలెను. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాను నేల క్రుంగి, సిప్పీఘాట్ పొలాలలో ఉప్పునీరు నిలిచిపోయినది.

రుణం 30 లక్షల లోపయితే ఇంటి విలువలో 90 శాతం వరకు ఇచ్చుటకు రిజర్వు బ్యాంకు నియమాలు అనుమతిస్తాయి. మిగిలిన భాగం, ఏజెంటు కమీషను మీరు సమకూర్చుకొనవలసినవే. బయానాకు ముందే హక్కుల రికార్డు నకలు, స్థలపు స్కెచ్, అమ్మేవారి దస్తావేజు జిరాక్సులు శాఖకు తీసుకొనిరండి. మా ప్యానెల్ న్యాయవాది అభిప్రాయం వచ్చే వరకు ఏజెంటును ఆగమనండి.