చక్రాల కుర్చీతో బస్సెక్కుట

ఇంటిలో మోకాళ్ల నొప్పులతో బాధపడు పెద్దవారున్నచో, ఆ యిల్లాలికి ప్రయాణమనగానే మొదట కన్నులకు గట్టునవి బస్సు మెట్లు. మా యత్తగారికి 78 సంవత్సరములు. తెనాలినుండి ఆమె పుట్టినూరికి పోవు బస్సునకు మొదటి మెట్టు మోకాటి యెత్తున నుండును. మూడేండ్ల క్రిందట నొక పెండ్లికి పోవునప్పుడు ఇద్దరు మగవారు ఆమె చంకల క్రింద చేతులు వేసి బస్తాను ఎత్తినట్లు పైకెత్తిరి. లోపల నున్నవారందరును చూచుచుండిరి. ఆమె యేమియు ననలేదు. ఆనాటినుండి మాత్రము పుట్టింటివారి యే శుభకార్యమునకును పోలేదు. “మీరు వెళ్లి రండమ్మా, నాకు ఓపిక లేదు” అనుటయే గాని, అసలు కారణము ఏనాడును నోట చెప్పి యెరుగదు.

అట్టి యామెను 2024 డిసెంబరులో మేము అమెరికాలోని వాల్ట్ డిస్నీ వరల్డునకు తీసికొనిపోతిమి. మా కుమారుడు ఫ్లారిడా రాష్ట్రములో టాంపా నగరమున నుద్యోగము చేయుచున్నాడు. ఆరేండ్ల మా మనుమరాలు జేజమ్మ రానిదే తాను కదలనని భీష్మించినది. ఆ పసిదాని పట్టుదలయే మమ్మందరిని బయలుదేరదీసినది.

సోదరీమణులారా! వినోదస్థల మనగా ఒక ప్రహరీలో నిమిడియుండు తోట యని తలపవలదు. ఆర్లాండో పట్టణమునకు సమీపమున 1971 అక్టోబరు 1వ తేదీన తెరవబడిన యీ స్థలము సుమారు 40 చదరపు మైళ్ల విస్తీర్ణము గలది. అందు నాలుగు పెద్ద ఉద్యానములు వేరువేరు చోట్ల నున్నవి. మొదటిదైన మ్యాజిక్ కింగ్‌డమ్ 1971లోను, ఎప్‌కాట్ 1982లోను, మూడవది 1989లోను, జంతువుల ఉద్యానము 1998లోను తెరచిరి. ఒకదాని నుండి మరియొక దానికి నడచి పోవుట సాధారణముగా సాగదు. పడవలును, ఎత్తైన దిమ్మెలపై నొక్క పట్టాతో నడచు మోనోరైలును, 2019 నుండి తీగలపై వ్రేలాడుచు పోవు పెట్టెలును గలవు గాని, చాలవరకు బసలను ఉద్యానములతో కలుపునది బస్సే. అచ్చటి బసలలో దిగినవారు దీనికి వేరుగా టిక్కెట్టు కొననక్కరలేదు. ఉద్యానము లోపల ఎట్లును రోజుకు మైళ్లకొలది నడక తప్పదు. కావున మా యత్తగారికి చక్రముల సాయము కావలసివచ్చినది.

మొదటి దినమున మా కోడలు విద్యుత్తుతో నడచు స్కూటరు నొకదానిని అద్దెకు తెచ్చినది. చూచుటకు ముచ్చటగానే యున్నది. వేగము తగ్గించు వైపున తాబేలు బొమ్మయు, హెచ్చించు వైపున కుందేలు బొమ్మయు నున్నవి. మీట నొక్కిన కదలును, వదలిన ఆగును. బస వాకిట నడపినంతసేపు మా మనుమరాలు చప్పట్లు కొట్టెను. బస్సు వద్దకు వచ్చుసరికి సంగతి వేరైనది. వాలుపలకపై నెక్కి, లోపలి యిరుకు దారిలో మలుపు తిప్పి, ముందుకు వెనుకకు జరుపుచు దానిని నియమిత స్థానమున నిలుపవలెను. జీవితమున సైకిలైనను త్రొక్కని వృద్ధురాలికి అది యెట్లు సాధ్యమగును? పలక మీదనే ఆమె మీట వదలివేసి, “నా వల్ల కాదే అమ్మాయీ” అనెను. నా మట్టుకు నేను చెప్పుదును: ఉదయమంతయు ఖాళీ స్థలమున సాధన చేసి చేయి కుదిరినవారికే బస్సు ప్రయాణమున స్కూటరు తగినది. కానివారికి వెనుకనుండి ఒకరు త్రోయు కుర్చీయే మేలు. సాయంకాలమునకు మేము కుర్చీకి మారితిమి.

ఇక కుర్చీతో ఎక్కు విధము. బస్సు రాగానే డ్రైవరు దానిని కాలిబాటకు దగ్గరగా నిలిపి, ఆ వైపు కొంచెము క్రిందికి వంచును. కొన్ని బస్సులలో ముందు ద్వారము నుండి, కొన్నింటిలో వెనుక ద్వారము నుండి వాలుపలక బయటకు మడత విప్పుకొనును. కుర్చీలో నున్నవారిని, వారి వెంట నున్న కొలదిమందిని ముందుగా ఎక్కించి తరువాత తక్కినవారిని పిలుతురు. ఇది మన్ననకై చేయునది కాదు. జనము నిండిన తరువాత కుర్చీని త్రిప్పుటకు జానెడు చోటైనను మిగులదు.

ఆనాటి డ్రైవరు ఒక నడివయసు స్త్రీ. ఆమె తన స్థానము నుండి లేచి వచ్చి, మడత ఆసనములను గోడకు జేర్చి ఖాళీ చేసిన చోట కుర్చీని నిలిపించి, నాలుగు మూలల నుండి నాలుగు పట్టీలు తగిలించి బిగించెను. పిదప కుర్చీ నొకసారి కుదిపి చూచి, అది కదలదని తెలిసికొనిన తరువాతనే మిగిలిన జనమును రానిచ్చినది. ఈ పనికి మూడు నాలుగు నిమిషములు పట్టును. 22 అడుగులకు మించిన బస్సులో ఇట్టి స్థానములు కనీసము రెండు ఉండవలెనని ఆ దేశపు నియమము. ఒక్కొక్క స్థానము 30 అంగుళముల వెడల్పు, 48 అంగుళముల పొడవు. ఆ రెండును నిండియున్నచో తరువాతి బస్సు వచ్చువరకు వేచియుండవలసినదే. మాకును ఒకసారి అట్లే జరిగినది.

మన ఆడువారికి మాత్రమే పనికివచ్చు మాట యొకటి చెప్పెదను. చీర కుచ్చెళ్లు చీలమండకు పైగా నెత్తి కట్టవలెను, పమిట చెంగు నడుమున దోపి పిన్ను పెట్టవలెను. చక్రపు పుల్లలలో అంచు చిక్కెనా, కుర్చీ ఆగుటయే గాక మనిషి ముందుకు పడును. పాదములు మోపు పలకలను ముందు మడిచిన తరువాతనే లేవనీయవలెను. వానిపై బరువు మోపి లేచినచో కుర్చీ తలక్రిందగును. దిగునపుడు వాలుపలకపై కుర్చీని వెనుకకు త్రిప్పి, త్రోయువారు క్రింది వైపున నుండి మెల్లగా దింపుట క్షేమము. ఈ మూడింటిలో మొదటిది నాకు మా యత్తగారి వెంకటగిరి చీర అంచు చిరిగిన తరువాత తెలిసినది!

అసలు చిక్కు ఆ రాత్రి వచ్చినది. బాణసంచా చూచి వేలకొలది జనము ఒక్కసారిగా బస్సుల వద్దకు చేరిరి. మా యత్తగారు చీర సవరించుకొనుటకు కుర్చీలోనుండి లేచి రెండడుగులు వేసి మరల కూర్చుండిరి. పట్టీలు కట్టుచున్నంతసేపును వెలుపల వరుసలో నిలిచియున్న యొక స్త్రీ తన భర్తతో, ఆ ముసలామె నడువగలదు గదా, ముందుగా నెక్కుటకే యీ నాటకము అని మాకు వినబడునట్లు పలికెను. అత్తగారికి ఇంగ్లీషు రాదు. చూపునకు భాషతో పని యేమి? బసకు చేరువరకు ఆమె తలయెత్తలేదు. “రేపు నేను గదిలో ఉంటాను. నా మూలంగా ఇంతమంది నిలబడడం ఎందుకమ్మా?” అనినది. తెనాలి బస్సు వద్ద నాటి ముఖమే మరల నేను చూచితిని.

రెండడుగులు వేయగలవారు రెండు మైళ్లు నడువగలరని లోకము తలచుట యెంత పొరపాటు! కుర్చీ వాడువారిలో ఎందరో నాలుగడుగులు వేయగలవారే. ఈ మాట ఆమెకు చెప్పి చూచితిని గాని తలకెక్కలేదు. అప్పుడు, బస్సునకు ఆ వాలుపలక యెట్లు వచ్చినదో నేను చదివియున్న కథ జ్ఞాపకము వచ్చి చెప్పితిని.

ఆ కథ జరిగిన చోటు ఫ్లారిడాకు చాల దూరము, కొలరాడో రాష్ట్ర రాజధానియైన డెన్వరు నగరము. 1978 జూలై 5వ తేదీన అచ్చట కోల్‌ఫాక్స్, బ్రాడ్‌వే అను రెండు వీధులు కలియు కూడలిలో 19 మంది వికలాంగులు తమ కుర్చీలతో రెండు సిటీ బస్సులను ముందును వెనుకను అడ్డగించిరి. కొందరు కుర్చీలు దిగి నడివీధిలో పరుండిరి. తామును బస్సెక్కి తీరుదుమని కేకలు వేయుచు ఆ రాత్రి యంతయు అచ్చటనే యుండిరి. తరువాత 1983లో దేశవ్యాప్తముగా అడాప్ట్ అను సంఘ మేర్పడి ఊరూర బస్సుల కొరకే పోరాడినది. 1990 మార్చిలో వాషింగ్టనులోని కాపిటల్ భవనము ముందు పదులకొలది వికలాంగులు కుర్చీలను వదలి చేతులతో, మోకాళ్లతో మెట్లు ప్రాకిరి. వారిలో ఎనిమిదేండ్ల బాలిక యొకతె గలదు. ఆ సంవత్సరము జూలై 26వ తేదీన చట్టము వచ్చినది. మనము ఎక్కిన బస్సులోని పట్టీలు, ఆ పలక, డ్రైవరు లేచి వచ్చుట, ఇవన్నియు దయాధర్మములు గావు, ఆ చట్టపు విధులని చెప్పితిని.

అత్తగారు చాలసేపు మాటాడలేదు. చివరకు, “రాత్రంతా రోడ్డు మీదే ఉన్నారా? వాళ్లకు అన్నం నీళ్లు ఎవరు పెట్టారు?” అని అడిగెను. నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు.

మరునాడు ఉదయము నేను తల దువ్వుకొని వచ్చుసరికి, కుచ్చెళ్లెత్తి కట్టుకొని, పమిట దోపుకొని, చేతిసంచి ఒడిలో పెట్టుకొని కుర్చీలో కూర్చుండి యుండెను. బస్సు వద్ద జనము చాలమంది యున్నారు. వారివంక ఒకసారి నిదానముగా చూచి, “త్రోయవే అమ్మాయీ” అనెను. ఆ దినము మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఉద్యానమంతయు తిరిగెను. బస్సెక్కునపుడు మాత్రము పాపను దింపి నాకు చేయి పట్టించెను.

మన దేశమునందును చట్టము లేకపోలేదు. ప్రజారవాణా వికలాంగులకు అందుబాటులో నుండవలెనని 2016 సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. ఇట్టి సౌకర్యముల ప్రమాణములు సలహాలుగా మిగులరాదనియు, తప్పనిసరి చేయవలెననియు 2024 నవంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. మా యూరి బస్సు మెట్టు మాత్రము ఇంకను మోకాటి యెత్తుననే యున్నది.

తిరిగి వచ్చిన వారమునకు ఇరుగుపొరుగువారు అమెరికా విశేషములు వినుటకు వచ్చిరి. అత్తగారు కోటను గూర్చి, బాణసంచాను గూర్చి రెండు మాటలలో ముగించి బస్సు సంగతి యెత్తుకొనిరి. గోడవార పీటపై కూర్చుండిన యెదురింటి యామె చిన్ననాడే పోలియో వలన కాలు పోగొట్టుకొనినది. అంతవరకు పలుకని యామె మెల్లగా, “ఆ పలక మీద మనంతట మనమే ఎక్కవచ్చునా పిన్నిగారూ?” అని అడిగెను.

“ఒకరు వెనకనుంచి తొయ్యాలి తల్లీ,” అని అత్తగారు చెప్పెను, “ఎవరూ ఎత్తక్కరలేదు.”